లోపమున్న వైరస్ పార్టికల్స్, ఆర్‌ఎన్‌ఏ సిగ్నళ్లు: మా పిల్లలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

కర్నూలులో పీజీ పిల్లలకు వైరాలజీ చెప్తూ చాలా ఏళ్లయింది. బ్యాచ్‌లు మారతాయి గానీ సందేహాలు మారవు. సెమిస్టర్ మధ్యలో ఒకరు, ప్రాజెక్టు రాసేటప్పుడు ఒకరు, అనంతపురం నుంచో కడప నుంచో ఫోన్ చేసి ఇంకొకరు అవే అడుగుతారు. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులన్నీ ఒకచోట రాశాను. ఏ ప్రశ్న కావాలంటే దానికి నేరుగా వెళ్లి చదువుకోండి, వరుస అక్కర్లేదు.

మాట విషయంలో ఒక జాగ్రత్త. తెలుగులో సెల్‌నూ కణమే అంటాం, పార్టికల్‌నూ కణమే అంటాం. ఇక్కడ మాత్రం కణం అంటే మన ఒంట్లో ఉండే జీవకణం, పార్టికల్ అంటే వైరస్‌ది.

ఈ పాఠాన్ని సిలబస్ చివర్లో ఒక పేరాగా చదివి వదిలేస్తారు. నాకు అది బాధ. ఏ ముక్క పోయినా వైరస్ ఆర్‌ఎన్‌ఏ నెట్టుకొస్తుందో, ఏ ముక్క పోతే అసలు నడవదో మనకు ముందుగా నేర్పింది ఈ లోపమున్న పార్టికల్సే.

## మొదటి క్లాసులోనే వచ్చే సందేహాలు

మేడమ్, లోప పార్టికల్ అంటే చచ్చిన వైరస్సేనా?

కాదు. ఎండకో, వేడికో, సబ్బుకో దెబ్బతిన్నది చచ్చిన వైరస్. లోప పార్టికల్‌ది పుట్టుకతో వచ్చిన లోపం. పైతొడుగు చక్కగా ఉంటుంది, కణానికి అతుక్కుంటుంది, లోపలికీ పోతుంది. లోపలున్న జీనోమ్‌లోనే, అంటే వైరస్ సమాచారమంతా రాసి ఉండే ఆర్‌ఎన్‌ఏలోనే, సగమో, ముప్పాతిక భాగమో ఉండదు. అందువల్ల ఒంటరిగా కణంలోకి వెళ్తే ఏమీ చేయలేదు. అదే కణంలోకి పూర్తి వైరస్ కూడా వచ్చిందనుకోండి, దాని ప్రొటీన్లను వాడుకుని తన నకళ్లు వేలల్లో తీయించుకుంటుంది. అలా సాయపడే పూర్తి వైరస్‌ను హెల్పర్ అంటారు.

డిఫెక్టివ్ అంటే సరిపోదా? ఇంటర్‌ఫియరింగ్ అని ఇంకో మాట ఎందుకు?

రెండూ వేరు కాబట్టి. లోపం ఉన్నంత మాత్రాన పక్కవాడికి అడ్డుపడాలని లేదు. 2006లో మయన్మార్ డెంగీ వైరస్‌ల మీద ఒక పరిశోధన వచ్చింది. పైతొడుగు ప్రొటీన్ జీన్‌లో మధ్యలోనే స్టాప్ కోడాన్ (ప్రొటీన్ తయారీని ఆపేసే గుర్తు) పడిన వైరస్‌లు, ఆ ప్రొటీన్‌ను మంచి వైరస్‌ల దగ్గర అరువు తెచ్చుకుంటూ, మనుషుల్లో దోమల్లో చాలాకాలం తిరిగాయని తేలింది. అవి డిఫెక్టివ్. వాటిని ఇంటర్‌ఫియరింగ్ అనాలంటే హెల్పర్ దిగుబడిని తగ్గించాలి. లోపమూ ఉండి, హెల్పర్ అవసరమూ ఉండి, ఆ హెల్పర్‌కే గండి కొట్టేదాన్ని డిఫెక్టివ్ ఇంటర్‌ఫియరింగ్ పార్టికల్, పొట్టిగా డీఐ పార్టికల్ అంటారు.

పరీక్షలో వాన్ మాగ్నస్ పేరు రాయాలా, హువాంగ్ పేరు రాయాలా?

అడిగినదాన్ని బట్టి. చూసింది వాన్ మాగ్నస్. డెన్మార్క్‌కు చెందిన ప్రెబెన్ వాన్ మాగ్నస్ 1940ల చివర్లో, 1950ల్లో ఫ్లూ వైరస్‌ను కోడిగుడ్లలో పలచన చేయకుండా ఒక గుడ్డు నుంచి మరో గుడ్డుకు ఎక్కిస్తూ పోయారు. ఎర్ర రక్తకణాలను గుంపుకట్టించే గుణం అలాగే ఉంది, రోగం తెప్పించే శక్తి మాత్రం పడిపోతూ వచ్చింది. అంటే పార్టికల్స్ పుడుతున్నాయి గానీ వాటిలో పని చేసేవి తగ్గుతున్నాయి. 1970లో ఆలిస్ హువాంగ్, డేవిడ్ బాల్టిమోర్ వీటికి డీఐ అనే పేరు పెట్టి, లక్షణాలు నిర్వచించారు. 'వాన్ మాగ్నస్ ఫినామినన్' అని అడిగితే గుడ్ల ప్రయోగం రాయండి, నిర్వచనం అడిగితే 1970 రాయండి.

## పార్టికల్ ఎలా చెడుతుంది

జీనోమ్‌లో ముక్క ఎలా ఎగిరిపోతుంది? ఏదైనా ఎంజైమ్ కత్తిరిస్తుందా?

కత్తెర ఏమీ లేదు. నకలు రాసే పాలిమరేజ్ దారి తప్పుతుంది, అంతే.

మీ ప్రాక్టికల్ రికార్డు గుర్తు తెచ్చుకోండి. రాత్రి పన్నెండింటికి స్నేహితుడి రికార్డు చూసి రాస్తుంటారు. 'తరువాత' అనే మాటతో ఒక వాక్యం మొదలైంది. తల ఎత్తి మళ్లీ దించేసరికి కన్ను పది లైన్ల కిందున్న ఇంకో 'తరువాత' మీద పడింది. అక్కడి నుంచి రాసుకుంటూ పోయారు. మొదలు ఉంది, చివర ఉంది, నడుమ పది లైన్లు లేవు. పాలిమరేజ్ చేసేదీ ఇదే. రాస్తున్న కొత్త పోగును పట్టుకునే అచ్చు మీద నుంచి జారి, మరో చోట దిగి, అక్కడి నుంచి కొనసాగిస్తుంది. దిగే చోట రెండు మూడు అక్షరాలు (ఆర్‌ఎన్‌ఏ అక్షరాలంటే ఎ, యు, జి, సి) కలిస్తే దిగడం ఇంకా తేలిక, కలవకపోయినా దిగగలదు.

ఫ్లూ వైరస్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. దాని జీనోమ్ ఎనిమిది ముక్కలు. డీఐలు ఎక్కువగా పాలిమరేజ్ జీన్లున్న మూడు పెద్ద ముక్కల నుంచే పుడతాయి. మొదటి ముక్క పొడవు 2,341 అక్షరాలు. దాని నుంచి పుట్టిన 244 అనే ప్రసిద్ధ డీఐ ఆర్‌ఎన్‌ఏ పొడవు 395 మాత్రమే. రెండు కొసలూ భద్రంగా ఉండి, నడుమ దాదాపు రెండు వేల అక్షరాలు గల్లంతు.

కాపీ-బ్యాక్ బొమ్మ ఎన్నిసార్లు వేసినా బుర్రకెక్కడం లేదు

కాపీ-బ్యాక్ అంటే డీఐ పుట్టే ఇంకో దారి. బొమ్మ వద్దు. ఒక పొడవాటి కాగితం ముక్క తీసుకోండి. పాలిమరేజ్ మీరే అనుకుని 1, 2, 3 అని రాస్తూ 8 దాకా రండి. ఇప్పుడు అచ్చు వదిలేయండి. ముందుకు 9 రాయాల్సింది పోయి, మీ చేతిలో ఉన్న కాగితాన్నే అచ్చుగా పట్టుకుని వెనక్కి తిరగండి. 8 పక్కనే 5కు జత, తర్వాత 4కు జత, 3కు, 2కు, 1కి జత రాయండి. అయిపోయింది.

ఇప్పుడు కాగితాన్ని నడుమ మడవండి. 1 మీద దాని జత, 2 మీద దాని జత కూర్చుంటాయి. 6, 7, 8 మాత్రం మడత దగ్గర ఉచ్చులా మిగులుతాయి. ఇదే కాపీ-బ్యాక్. రెండు కొసలూ ఒకదానికొకటి జతపడి పెనం పిడిలా కనిపిస్తాయి కాబట్టి ఆ ఆకారానికి పాన్‌హ్యాండిల్ అని పేరు. క్లాసులో ఈ కాగితం పని చేయించాక మళ్లీ ఈ ప్రశ్న అడిగినవాళ్లు నాకు తక్కువ.

అసలు సంగతి ఏమిటంటే, నెగెటివ్ ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లో (అంటే జీనోమ్ ఎంఆర్‌ఎన్‌ఏకు జతగా ఉండే వైరస్‌లో) మామూలు జీనోమ్ 3′ కొసన లీడర్ అనే చిన్న భాగం ఉంటుంది. ఎంఆర్‌ఎన్‌ఏలు, అంటే ప్రొటీన్ల తయారీకి వాడే నకళ్లు, తీయడం అక్కడి నుంచే మొదలు. కాపీ-బ్యాక్ జీనోమ్‌లో ఆ లీడర్ పోయి, యాంటీజీనోమ్ (జీనోమ్‌కు జతగా తీసిన పూర్తి నకలు) చివర ఉండే బలమైన రెప్లికేషన్ ప్రమోటర్, అంటే నకలు తీయడానికి పాలిమరేజ్ ఎక్కే చోటు, వచ్చి చేరుతుంది. అంటే అది ఒక్క ఎంఆర్‌ఎన్‌ఏ కూడా తీయదు. తన నకలు తాను తీయించుకోవడమే దాని పని.

చిన్న జీనోమ్ పెద్ద జీనోమ్‌ను ఎలా ఓడిస్తుంది?

కర్నూలు నుంచి నంద్యాలకు తిరిగే బస్సు రోజుకు ఎన్ని ట్రిప్పులు వేస్తుంది, హైదరాబాదుకు పోయే బస్సు ఎన్ని వేస్తుంది? పశువుల నోట్లో పుండ్లు తెచ్చే వెసిక్యులర్ స్టొమటైటిస్ వైరస్ (వీఎస్‌వీ) జీనోమ్ సుమారు 11 వేల అక్షరాలు. దాని డీఐ జీనోమ్‌లు చాలావరకు అందులో మూడో వంతో, అంతకన్నా తక్కువో. పెద్దది ఒక నకలు తీసేలోపు చిన్నది రెండు మూడు తీస్తుంది.

కానీ పొట్టితనమే మొత్తం కథ కాదు. కాపీ-బ్యాక్ రకానికి రెండు కొసల్లోనూ బలమైన ప్రమోటర్ ఉంటుంది, పాలిమరేజ్ అటే ఎక్కువ మొగ్గుతుంది. పైగా ఆర్‌ఎన్‌ఏను చుట్టే ఎన్ ప్రొటీన్, పాలిమరేజ్, పైతొడుగు అన్నీ పరిమితమే. డీఐ వాడుకున్నదంతా హెల్పర్‌కు అందకుండా పోయినట్టే.

అలాగైతే చివరికి డీఐలే మిగిలి అసలు వైరస్ అంతరించిపోవాలి కదా?

పోదు. గొర్రెల కాపర్లకు ఈ లెక్క బాగా తెలుసు. మంద పెరిగితే మేత తరుగుతుంది, మేత లేకపోతే మంద తరుగుతుంది, మంద తరిగితే గడ్డి మళ్లీ మొలుస్తుంది. హెల్పర్ మేత, డీఐ మంద. డీఐలు పెరిగి హెల్పర్ పడిపోతుంది. హెల్పర్ లేక డీఐలూ పడిపోతాయి. డీఐ పోటీ లేని కణాల్లో హెల్పర్ మళ్లీ పుంజుకుంటుంది. పలచన చేయకుండా పాసేజ్ చేస్తూ (ఒక ఫ్లాస్క్ నుంచి ఇంకో ఫ్లాస్క్‌కు ఎక్కిస్తూ) టైటర్, అంటే పనిచేసే వైరస్ ఎంత ఉందన్న లెక్క, గ్రాఫు గీస్తే అలల్లాగా పైకీ కిందికీ పోతుంది.

మన ఒంట్లో ఇవి పుడితే మంచిదా, చెడ్డదా?

రెండూ ఉన్నాయి. కాపీ-బ్యాక్ ఆర్‌ఎన్‌ఏకు రెండు పోగుల కొస, దాని మీద మూడు ఫాస్ఫేట్లు ఉంటాయి. కణంలో కాపలా కాసే రిగ్-ఐ అనే ప్రొటీన్ సరిగ్గా అలాంటిదాన్నే పట్టుకుంటుంది, ఇంటర్‌ఫెరాన్ హెచ్చరిక మోగుతుంది. చిన్నపిల్లల్లో దగ్గు, ఆయాసం తెచ్చే ఆర్‌ఎస్‌వీ మీద జరిగిన పరిశోధనల్లో ఇది మనుషుల్లోనూ కనిపించింది. జబ్బు మొదట్లోనే ఈ లోప జీనోమ్‌లు కనిపించినవాళ్లలో తీవ్రత తక్కువ. ఆలస్యంగా కనిపించి, ఎక్కువ రోజులు ఉన్నవాళ్లలో తీవ్రత ఎక్కువ. రెండో వైపు, కల్చర్‌లో వైరస్ కణాన్ని చంపకుండా నెలల తరబడి తిష్ట వేయడానికీ డీఐలు సాయపడతాయి.

## సిగ్నళ్ల దగ్గర ఆగిపోయేవాళ్ల ప్రశ్నలు

ట్రాన్‌స్క్రిప్షన్ సిగ్నల్ అంటారు, సరిగ్గా ఏ అక్షరాలు?

ఎంఆర్‌ఎన్‌ఏ ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో పాలిమరేజ్‌కు చెప్పే అక్షరాలే ఆ సిగ్నళ్లు. వీఎస్‌వీని తీసుకుందాం. జీనోమ్‌ను 3′ వైపు నుంచి చదవాలి. ముందు 47 అక్షరాల లీడర్. తర్వాత ఐదు జీన్లు: ఎన్, పి, ఎం, జి, ఎల్. ప్రతి జీన్ మొదట్లో యు-యు-జి-యు-సి అనే గుర్తు. దానికి జతగా ఎంఆర్‌ఎన్‌ఏ ఎ-ఎ-సి-ఎ-జి అని మొదలవుతుంది. ప్రతి జీన్ చివర ఎ-యు-ఎ-సి, ఆ వెంటనే వరుసగా ఏడు యు-లు. ఒక జీన్ చివరకూ తర్వాతి జీన్ మొదలుకూ మధ్య జి-ఎ అని రెండే అక్షరాలు, వాటిని పాలిమరేజ్ నకలు తీయకుండా దాటేస్తుంది.

ఆపే గుర్తు, రెండక్షరాల సందు, మొదలుపెట్టే గుర్తు. జీన్‌కూ జీన్‌కూ మధ్య ఇంతే. పదకొండు వేల అక్షరాల జీనోమ్‌లో ఈ కొద్ది అక్షరాలే ఐదు ఎంఆర్‌ఎన్‌ఏలను విడగొడుతున్నాయంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పాలీ-ఎ తోక జీనోమ్‌లో రాసి లేదు కదా, ఎక్కడి నుంచి వస్తుంది?

ఏడు యు-ల మీద పాలిమరేజ్ నత్తి కొడుతుంది. యు-కు జతగా ఎ రాస్తుంది, ఒక అడుగు వెనక్కి జారుతుంది, మళ్లీ ఎ రాస్తుంది. అలా అక్కడక్కడే తచ్చాడుతూ పొడవాటి ఎ-ల తోక అల్లి, అప్పుడు ఎంఆర్‌ఎన్‌ఏను వదులుతుంది. ఏడు యు-లలో ఒక్కటి తీసేసి ఆరు చేస్తే వీఎస్‌వీలో జీన్ చివర ఆగడమే ఆగిపోతుంది. పాలిమరేజ్ ఆగకుండా పక్క జీన్‌లోకి దూసుకుపోతుంది. ఒక్క అక్షరం తేడా!

ఫ్లూ వైరస్‌లోనూ 5′ కొస దగ్గర ఐదు నుంచి ఏడు యు-లు ఉంటాయి, అక్కడా ఇలాంటి నత్తే.

ఎన్ ఎంఆర్‌ఎన్‌ఏ ఎక్కువ, ఎల్ తక్కువ. ఎవరు లెక్క పెడుతున్నారు?

కేసీ కాలువను చూడండి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు కాలువలోకి వస్తాయి. మొదట్లో ఉన్న కర్నూలు రైతుకు నిండుగా పారతాయి. తూము తూముకూ కొంత పోతూ పోతూ కడప వైపు చివరి ఆయకట్టుకు వచ్చేసరికి నీళ్ల కోసం ఎదురుచూపే. అక్కడ కూర్చుని ఎవరో తగ్గించడం లేదు, కాలువ చివరన ఉండటమే కారణం.

వీఎస్‌వీలో పాలిమరేజ్ 3′ కొస నుంచే ఎక్కుతుంది. ప్రతి జీన్ సరిహద్దులో కొన్ని పాలిమరేజ్‌లు జారిపోతాయి. ఒక్కో సరిహద్దులో సుమారు 30 శాతం పోతాయనుకుంటే ఎన్ 100, పి 70, ఎం 49, జి 34, ఎల్ 24. ఆర్‌ఎన్‌ఏను చుట్టడానికి ఎన్ ప్రొటీన్ బోలెడు కావాలి, అది ముందుంది. ఎల్ అనేది పాలిమరేజ్ ఎంజైమ్, కొద్దిగా ఉంటే చాలు, అది చివరన ఉంది. ఎన్ జీన్‌ను మొదటి స్థానం నుంచి వెనక్కి జరిపి చూశారు. జరిపిన కొద్దీ వైరస్ పెరుగుదల తగ్గింది, ఎలుకల్లో దాని ప్రాణాంతక గుణమూ తగ్గింది. జీన్ అదే, అక్షరాలు అవే, చోటు మాత్రమే మారింది.

ఒకే పాలిమరేజ్, ఒకే అచ్చు. ఎంఆర్‌ఎన్‌ఏ తీయాలో మొత్తం నకలు తీయాలో దానికెలా తెలుస్తుంది?

ఎన్ ప్రొటీన్ ఎంత ఉందన్నదే పెద్ద కారణం. ఇన్‌ఫెక్షన్ మొదట్లో ఎన్ తక్కువ. పాలిమరేజ్ ప్రతి ఆపే గుర్తు దగ్గరా ఆగుతూ, ప్రతి మొదలు గుర్తు దగ్గరా కొత్తగా మొదలుపెడుతూ ఎంఆర్‌ఎన్‌ఏలు తీస్తుంది. ఎన్ ప్రొటీన్ పోగుపడ్డాక కొత్త పోగు పుడుతుండగానే దాన్ని చుట్టేస్తుంది. అలా చుట్టుకుపోతున్నప్పుడు ఆపే గుర్తులు పనిచేయవు, ఈ కొస నుంచి ఆ కొస దాకా పూర్తి యాంటీజీనోమ్ తయారవుతుంది. పాలిమరేజ్ వెంట ఉండే ప్రొటీన్లలోనూ తేడా ఉంటుందని చెప్పే ఆధారాలున్నాయి. పది మార్కుల ప్రశ్న అయితే ఆ మాటా ఒక వాక్యం రాయండి.

కరోనాలో కూడా ఇదే స్టాప్, స్టార్ట్ పద్ధతేనా?

కాదు. కరోనా పాజిటివ్ ఆర్‌ఎన్‌ఏ, అంటే దాని జీనోమే ఎంఆర్‌ఎన్‌ఏలా పనిచేస్తుంది. సార్స్-కోవ్-2 జీనోమ్ 29,903 అక్షరాలు. 5′ వైపు లీడర్ చివరా, 3′ వైపున్న జీన్ల ముందూ ఎ-సి-జి-ఎ-ఎ-సి అనే చిన్న గుర్తు ఉంటుంది. నెగెటివ్ పోగు రాస్తూ వచ్చే పాలిమరేజ్ ఒక జీన్ ముందున్న ఆ గుర్తు చేరాక, కొన్నిసార్లు అక్కడి నుంచి లీడర్ దగ్గరున్న అదే గుర్తు మీదికి దూకుతుంది. అందుకే ప్రతి సబ్‌జీనోమిక్ (జీనోమ్‌లో కొంత భాగానికే నకలైన) ఎంఆర్‌ఎన్‌ఏకూ ముందు ఒకే లీడర్. డీఐలను పుట్టించే ఈ దూకుడే కరోనాకు రోజువారీ పని.

ఆరు సూత్రం నిజమా, బట్టీ పట్టడానికి పెట్టిందా?

నిజం. జీనోమ్ పొడవు ఆరుతో శేషం లేకుండా భాగించబడాలన్నదే ఆరు సూత్రం. లెక్క మీరే వేయండి. గొర్రెలు మేకలకు వచ్చే పారుడు రోగం, అంటే పీపీఆర్, వైరస్ జీనోమ్ 15,948 అక్షరాలు. 6తో భాగిస్తే 2,658, శేషం సున్నా. తట్టు వైరస్‌ది 15,894, భాగిస్తే 2,649. ఈ కుటుంబంలో ఒక్కో ఎన్ ప్రొటీన్ సరిగ్గా ఆరేసి అక్షరాలను కప్పుతుంది, ఒక్క అక్షరం మిగిలినా కొసన ఉన్న ప్రమోటర్ సరిగ్గా కుదరదు. ఇదే కుటుంబంలోని సెండాయ్ వైరస్ డీఐ అయిన హెచ్4 పొడవు 546, అంటే ఆరు తొంభై ఒకట్లు. పదిహేను వేల అక్షరాలు దాదాపు అన్నీ పోగొట్టుకున్నా ఆరు లెక్క మాత్రం తప్పలేదు. వీఎస్‌వీ, రేబిస్ కుటుంబానికి ఈ సూత్రం వర్తించదు, కలిపి రాయకండి.

డీఐలను చూసి సిగ్నళ్లు ఎలా కనిపెట్టారు?

ఇల్లు ఖాళీ చేసి పోయేవాళ్లు ఏం వదిలి, ఏం పట్టుకెళ్లారో చూస్తే వాళ్లకేది ముఖ్యమో తెలుస్తుంది. డీఐ జీనోమ్‌లను వరుసగా చదివితే జీన్లన్నీ పోయినా కొసలు పోలేదు. పాలిమరేజ్ ఎక్కే చోటు, ఎన్ ప్రొటీన్ చుట్టడం మొదలుపెట్టే చోటు, పార్టికల్‌లో సర్దుకోవడానికి కావలసిన గుర్తు ఆ కొసల్లో ఉన్నాయని అలా అర్థమైంది.

దాన్నే పనిముట్టుగా మార్చుకున్నారు. 1992లో వీఎస్‌వీ డీఐ జీనోమ్‌ను డీఎన్‌ఏ రూపంలో కణంలో పెట్టి, అవసరమైన ప్రొటీన్లు విడిగా అందించి, నిజమైన డీఐ పార్టికల్స్‌ను పుట్టించారు. ఇక అందులో ఒక్కో అక్షరం మార్చి చూడటమే తరువాయి. 1994లో పూర్తి రేబిస్ వైరస్, 1995లో పూర్తి వీఎస్‌వీ డీఎన్‌ఏ నుంచి లేచాయి. వీఎస్‌వీ పైతొడుగు జీన్ తీసేసి, ఎబోలా పైతొడుగు జీన్ పెట్టి చేసిన టీకాకు 2019లో అమెరికాలో, యూరప్‌లో అనుమతి వచ్చింది. ఆ టీకా వైరస్‌లోనూ జీన్ల నడుమ ఆపే గుర్తు, మొదలు గుర్తు పనిచేస్తూనే ఉన్నాయి.

## ల్యాబులో చేతులు పెట్టాక

పాసేజ్ చేసిన కొద్దీ టైటర్ పడిపోతోంది. ఇంక్యుబేటర్ పాడైందా?

ఇంక్యుబేటర్‌ను తిట్టే ముందు మీ నోట్‌బుక్ చూడండి. పలచన చేయకుండా ఎక్కిస్తున్నారా?

నేను రీసెర్చ్ చేసే రోజుల్లో కోళ్లకు వచ్చే కొక్కెర రోగం వైరస్‌ను కోడిపిండం కణాల్లో పెంచేదాన్ని. స్టాక్ బాగా రావాలని ప్రతిసారీ ముందు ఫ్లాస్క్ ద్రవాన్ని అలాగే తర్వాతి దాంట్లో పోశాను. కొన్ని పాసేజ్‌లకు ప్లేట్ మీద ప్లేక్‌లు, అంటే వైరస్ చంపిన కణాల చోట పడే చిల్లులు, పలచబడ్డాయి. రంగు వేసి కడిగితే ఊదారంగు పొర ఎక్కడా చిల్లు లేకుండా నిగనిగలాడుతోంది, కణాలన్నీ హాయిగా బతికే ఉన్నాయి. రెండు వారాలు మీడియం మార్చాను, సీరం మార్చాను, టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. చివరికి ఫ్రీజర్‌లో ఉన్న రెండో పాసేజ్ స్టాక్ తీసి, బాగా పలచన చేసి ఎక్కించాను. మూడో రోజు ప్లేట్ నిండా ప్లేక్‌లు. మీరూ ముందు ఆ పని చేయండి. పాత స్టాక్‌తో టైటర్ తిరిగి వస్తే కారణం చాలావరకు డీఐలే.

ఎంఓఐ 0.01 అంత తక్కువ ఎందుకు పెట్టమంటారు?

ఎంఓఐ అంటే ఒక్కో కణానికి సగటున ఎన్ని వైరస్ పార్టికల్స్ పోస్తున్నామన్న లెక్క. డీఐ పెరగాలంటే ఒకే కణంలోకి అదీ హెల్పరూ కలిసి పోవాలి. ఎంఓఐ 10 పెడితే వైరస్ అసలు పోని కణాలు లక్షకు నాలుగైదే, మిగతావాటిలో సగటున పదేసి పార్టికల్స్ దూరతాయి. డీఐకి పండగే. ఎంఓఐ 0.01 పెడితే రెండు, అంతకన్నా ఎక్కువ పార్టికల్స్ పోయే కణాలు లక్షకు ఐదు. డీఐ ఎక్కడికి పోయినా ఒంటరి.

కానీ ఇది మొదటి విడతకే. పుట్టిన పిల్ల వైరస్‌లు రెండో విడతలో గుంపుగా పడతాయి, అప్పుడు ఎంఓఐ మన చేతిలో ఉండదు. అందుకే ఫ్లాస్క్‌ను మరీ ఎక్కువ రోజులు వదలకుండా దిగుబడి బాగున్నప్పుడే కోయాలి.

పీసీఆర్‌లో వైరస్ బోలెడు, ప్లేక్‌లు లేవు. డీఐ అని రాసేయొచ్చా?

రాయకూడదు. ఫ్రీజర్ కరెంటు పోయి చచ్చిన వైరస్ కూడా పీసీఆర్‌లో అలాగే కనిపిస్తుంది. అడ్డుపడుతోందని చూపించాలి. తెలిసిన మోతాదు మంచి వైరస్‌తో అనుమానపు నమూనాను కలిపి ఎక్కించండి, దిగుబడి తగ్గిందా చూడండి. నమూనాను పలచన చేసే కొద్దీ ఆ అడ్డు తగ్గాలి. జీనోమ్ రెండు కొసల్లో, నడుమ వేరువేరు ప్రైమర్లు పెట్టండి. కొసలు ఎక్కువ, నడుమ తక్కువ వస్తే అనుమానం బలపడుతుంది. సుక్రోజ్ గ్రేడియెంట్ (చక్కెర ద్రావణంలో తిప్పి పార్టికల్స్‌ను విడగొట్టే పద్ధతి) వసతి ఉంటే ఇంకా మంచిది. వీఎస్‌వీలో పొడవాటి బుల్లెట్ పార్టికల్స్ ఒక పట్టీగా, పొట్టివి దాని పైన ఇంకో పట్టీగా దీపం వెలుగులో కంటికే కనిపిస్తాయి.

## మన పొలాలు, మన మందలు

వేరుశనగ వైరస్ పార్టికల్ ఒక్కటే ఎక్కిస్తే రోగం రాదంటారు. అదీ లోప పార్టికలేనా?

కాదు, ఇక్కడ చాలామంది పొరబడతారు. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగను ఎండబెట్టిన కాండం కుళ్లు తెగులుకు కారణం టొబాకో స్ట్రీక్ వైరస్. సుమారు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. ఆ వైరస్ జీనోమ్ మూడు ముక్కలు, మూడూ వేరువేరు పార్టికల్స్‌లో ఉంటాయి. ఒక్కోదాంట్లో మూడో వంతు సమాచారమే ఉండటం దాని సహజ స్వభావం, పని పంచుకోవడం. ఏ ముక్కా పోలేదు, దేనికీ అడ్డుపడటం లేదు. కోట్ ప్రొటీన్ ఎంఆర్‌ఎన్‌ఏ మాత్రం మూడో ముక్కలోని లోపలి ప్రమోటర్ నుంచి విడిగా వస్తుంది. సబ్‌జీనోమిక్ ప్రమోటర్‌కు ఉదాహరణ అడిగితే మన పొలం ఉదాహరణే రాయండి.

మొవ్వుకుళ్లు వైరస్‌లో డీఐలు వస్తాయా?

మొవ్వుకుళ్లు తెచ్చేది టోస్పో వైరస్. దాని దగ్గరి చుట్టమైన టమాటా స్పాటెడ్ విల్ట్ వైరస్‌లో డీఐలు బాగా చూశారు. తామర పురుగులు లేకుండా రసం తీసి ఆకుల మీద రుద్దుతూ మొక్క నుంచి మొక్కకు ఎక్కిస్తే, సుమారు 8.9 వేల అక్షరాలున్న ఎల్ ఆర్‌ఎన్‌ఏలో నడుమ భాగం పోయిన పొట్టి ముక్కలు పుడతాయి, తెగులు లక్షణాలు తగ్గుతాయి. అలాగే రుద్దుతూ పోతే పైతొడుగు ప్రొటీన్లు కోల్పోయిన రకాలూ వస్తాయి, వాటిని తామర పురుగు మోయలేదు. గ్రీన్‌హౌస్‌లో ప్రాజెక్టు చేసేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. ఆరు నెలలు రుద్దిన వైరస్, పొలంలో తిరిగే వైరస్ ఒకటే అనుకుంటే ఫలితాలు తేడా వస్తాయి.

వీఎస్‌వీ మన దేశంలో లేదు కదా, ఎందుకింత చదవాలి?

దాని చుట్టం మన దగ్గరే పుట్టింది కాబట్టి. చాందీపుర వైరస్‌ను 1965లో నాగపూర్ దగ్గర చాందీపురలో గుర్తించారు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు వచ్చింది, 183 మంది చనిపోయారు. మోసేది శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ. ఎన్, పి, ఎం, జి, ఎల్ అదే వరుస, అదే బుల్లెట్ ఆకారం. ఆ పిల్లల సంఖ్య క్లాసులో చెప్పినప్పుడు నేను కాసేపు ఆగుతాను. మీరు నేర్చుకునే సిగ్నళ్లు ఆ వైరస్‌లో కూడా ఉన్నవే.

డీఐలను మందుగా వాడొచ్చా? మా నాయన చేనికి పిచికారీ చేస్తానంటున్నాడు

అలాంటి పిచికారీ మందు లేదు, ఉందని ఎవరైనా అమ్మితే కొనవద్దని చెప్పండి. కాండం కుళ్లుకు చేయాల్సిన పని వేరే ఉంది. గట్ల మీద వయ్యారిభామను పూతకు రాకముందే పీకించాలి, ఎందుకంటే ఆ పుప్పొడిలోనే వైరస్ ఉంటుంది, తామర పురుగు దాన్ని వేరుశనగ మీదికి మోస్తుంది. చుట్టూ జొన్నో సజ్జో సరిహద్దు పంటగా దట్టంగా వేస్తే పురుగు రాక తగ్గుతుంది.

మనుషుల మందుగా పరిశోధన నిజంగానే నడుస్తోంది. ఫ్లూ 244 డీఐ ఎలుకలను ఫ్లూ నుంచి కాపాడింది. 2021లో పోలియో డీఐ జీనోమ్‌ను ముక్కులో వేస్తే ఎలుకల్లో ఇతర శ్వాసకోశ వైరస్‌ల మీద కూడా రక్షణ వచ్చిందని చూపించారు. ఇవన్నీ జంతువుల దాకా వచ్చిన సంగతులు. ఇంట్లో ఎవరినైనా కుక్క కరిస్తే మాత్రం గాయాన్ని సబ్బు పెట్టి కారే నీళ్ల కింద పావుగంట కడిగి, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించండి.